సలాలాలో ఆట చూసే చోటు

ప్రయాణాల పుస్తకాల్లో ఒక చిన్న శీర్షిక తరచుగా కనిపిస్తుంది: ఈ ఊళ్ళో ఆట ఎక్కడ చూడాలి? దాని కింద నాలుగైదు బార్ల పేర్లుంటాయి. ఎన్ని తెరలున్నాయో, ఏ లీగులు వేస్తారో, బీరు ఎంతకి దొరుకుతుందో రాసి, చివర్లో స్థానిక క్రీడాసంస్కృతిని రుచి చూడమని ఒక ప్రోత్సాహవాక్యం చేరుస్తారు. ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగేవాణ్ణి కనక ఇలాంటి పేజీలు చాలానే చదివాను. సాయంత్రం పని అయ్యాక హోటలు గదిలో ఒంటరిగా కూచోలేని మనిషికి అవి పనికొచ్చే పేజీలే. కానీ వాటిని కూడా రచనలుగా చదవాలని నా అభిప్రాయం. కథకీ కవితకీ ఉన్నట్టే రెండు పేరాల బార్ల జాబితాకీ ఒక దృక్పథం ఉంటుంది. అది ఎవరికి కనిపిస్తుంది, ఎవర్ని కనపడనివ్వదు అన్న ప్రశ్నలు దానికీ వర్తిస్తాయి. ఒమాన్ దేశానికి దక్షిణాన ఉన్న సలాలా ఊరిని ఆధారం చేసుకుని ఆ ప్రశ్నలు వేసి చూద్దాం.

ముందు ఈ స్పోర్ట్స్ బార్ సంగతి. తాగేచోట పందేలు కాయడం అన్ని దేశాల్లోనూ ఎప్పట్నుంచో ఉన్నదే. మన సంక్రాంతి కోడిపందేల బరి పక్కన ఏముంటుందో అందరికీ తెలుసు. గోడల నిండా టి.వి.లు పెట్టి, వాటికోసమే జనం వచ్చే బారు మాత్రం అంత పాతది కాదు. అమెరికాలో 1979లో ఇ.ఎస్.పి.ఎన్. మొదలై, రోజంతా ఆటలే చూపించే ఛానలు ఒకటి వచ్చాక అది విస్తరించింది. ఇంగ్లండులో 1992లో ప్రీమియర్ లీగు మొదలై, దాని ప్రత్యక్షప్రసారం డబ్బు కట్టే ఛానలుకి వెళ్ళిపోయాక, ఇంట్లో డిష్ పెట్టించుకోని వాళ్ళు పబ్బుకి వచ్చి చూడటం అలవాటు చేసుకున్నారు. అంటే ఈ బారు పుట్టడానికి మూడు షరతులు కుదరాలి. ఆట డబ్బిచ్చి చూడాల్సిన సరుకు కావాలి. ఆ డబ్బుని బీరు గ్లాసులో కలిపి వసూలు చేసే కొట్టు కావాలి. ఆ కొట్టులో పదిమంది ముందూ కూచోవడం తప్పుగా తోచని సమాజం కావాలి. గల్ఫు దేశాల్లో మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు.

హోటలు లోపలి తెర

సలాలా ఒమాన్‌లోని దోఫార్ ప్రాంతానికి ముఖ్యపట్టణం. రాజధాని మస్కట్ నించి దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఎడారి దాటి రావాలి. దాటి వచ్చాక మాత్రం తెలుగువాడికి కోనసీమలోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. కొబ్బరితోటలు, అరటితోటలు, రోడ్డు పక్క పాకల్లో కొబ్బరిబోండాలు, బొప్పాయిలు. జూన్ చివరినుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు ఇక్కడి కొండల్ని తాకి, మిగతా అరేబియా అంతా మాడిపోతున్నప్పుడు ఈ ఒక్క ముక్కని పచ్చగా చేస్తాయి. ఆ కాలాన్ని వాళ్ళు ఖరీఫ్ అంటారు. మన రైతులు ఖరీఫ్ పంట అనే మాటా అదే, అరబ్బీలోంచి పారశీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది.

ఒమాన్‌లో మద్యం నిషిద్ధం కాదు, అలాగని బజార్లోనూ ఉండదు. అనుమతి ఉన్న హోటళ్ళలో, క్లబ్బుల్లో మాత్రమే పోస్తారు. రంజాన్ నెలలో అదీ ఉండదు. అందుచేత సలాలాలో స్పోర్ట్స్ బార్ వెతికితే దొరికేది ఏదో ఒక సముద్రతీరపు హోటలు లోపల, తోట దాటి, కారిడారు చివర ఉండే గది. నేను చూసిన గదుల్లో అన్నిటా ఒకటే అమరిక: ఒక పెద్ద తెర, రెండు చిన్న తెరలు, గోడకి బాణాలు విసిరే బోర్డు, ఇంగ్లండు క్లబ్బుల కండువాలు. కూచునేవాళ్ళు రేవులో పనిచేసే ఇంజనీర్లు, చమురు కాంట్రాక్టర్లు, చలికాలంలో ఎండకోసం యూరప్ నించి దిగే యాత్రికులు. తెరమీద ఆడేది మాంచెస్టరో లివర్‌పూలో. సలాలా నగరంలో ఉన్నామని గుర్తుచేసే వస్తువు ఆ గదిలో ఒక్కటీ ఉండదు. పోసేవాడు మాత్రం మలయాళీయో, గోవా మనిషో, ఫిలిప్పీన్స్ దేశస్థుడో అయివుంటాడు.

ఈ గదిమీద నాకు కోపం లేదు. 1998లో సలాలా రేవులో కంటెయినర్ల పని మొదలైనప్పట్నించీ ఓడలమీద నెలలకొద్దీ తిరిగేవాళ్ళు ఇక్కడ దిగుతున్నారు. వాళ్ళకి రెండు గంటలపాటు సొంత ఊరు కావాలి, ఆ గది దాన్ని ఇస్తుంది. వారాంతంలో అమెరికా తెలుగువాళ్ళు ఎవరింట్లోనో చేరి రాత్రి రెండింటిదాకా క్రికెట్ చూడటం లాంటిదే ఇదీను. నా అభ్యంతరమల్లా ఆ గదికి తగిలించిన చీటీ గురించి. అక్కడ ఉన్నది పరదేశి తనతో మోసుకొచ్చిన సంస్కృతి. దాన్ని స్థానికమని పిలవడంతో జాబితా పని పూర్తవుతుంది, చదివినవాడు వెతకడం మానేస్తాడు.

కాఫీ దుకాణం ముందు కుర్చీలు

ఊళ్ళో వాళ్ళు ఆట చూసే చోటు కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పొద్దుగూకాక జూలై 23 వీధి పక్క సందుల్లో నడిస్తే చాలు. సుల్తాన్ కాబూస్ 1970లో అధికారానికి వచ్చిన తేదీ పేరు పెట్టుకున్న ఆ వీధి చుట్టుపక్కల కాఫీ దుకాణాలు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటాయి. ప్లాస్టిక్ కుర్చీలు బయట కాలిబాటమీద వరసగా వేసి, టి.వి.ని తలుపులోంచి వీధివైపు తిప్పుతారు. తాగేది కరక్ చాయ్, అంటే మన హోటళ్ళలో స్ట్రాంగు టీ అనేదానికి యాలకులు తోడైతే ఎలా ఉంటుందో అది. లుంగీలాంటి పంచె కట్టుకున్న పెద్దవాళ్ళు, తెల్లటి దిష్‌దాషాలో కుర్రాళ్ళు పక్కపక్కనే కూచుంటారు. గోలు పడినప్పుడు లేచేవాళ్ళకన్నా, గోలు పోయినప్పుడు నాలుక చప్పరించేవాళ్ళే ఎక్కువ.

ఈ ఊరి ఆట ఫుట్‌బాల్. దోఫార్ క్లబ్, అన్-నస్ర్ క్లబ్ రెండూ సలాలావే. ఒమాన్ లీగును అందరికన్నా ఎక్కువసార్లు గెలిచిన జట్టు దోఫార్. రాజధానికి వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరికి అది చిన్న గర్వకారణం కాదు. ఆ రెండు క్లబ్బుల్లో ఎవరిది ఏదో తెలుసుకోవడమంటే ఎవరిది ఏ పేటో, ఎవరి తండ్రి ఎవరితో తిరిగేవాడో తెలుసుకోవడం. ఇక సముద్రం ఒడ్డున ఆటకి మైదానం కూడా అక్కర్లేదు. సాయంత్రం అయ్యేసరికి తడి ఇసుకమీద రెండు చెప్పుల జతలు పెడితే గోలు తయారు. అలాంటి ఒడ్లున్న ఒమాన్, 2015లో ఆసియా బీచ్ సాకర్ పోటీ గెలిచిందంటే ఆశ్చర్యం లేదు.

జాతీయ జట్టు కథ ఇంకా బాగుంటుంది. గల్ఫ్ కప్ అని అరబ్బు గల్ఫు దేశాల మధ్య జరిగే పోటీ ఉంది. ఒమాన్ అందులో 1974లో అడుగుపెట్టి, చాలాకాలం అందరి చేతా ఓడిపోయే జట్టుగా ఉండిపోయింది. 2004లో ఫైనల్ చేరి కతార్ చేతిలో పెనాల్టీల మీద ఓడింది. 2007లో మళ్ళీ ఫైనల్ చేరి యు.ఎ.ఇ. చేతిలో ఓడింది. 2009 జనవరిలో మస్కట్‌లోనే జరిగిన పోటీలో ఒక్క గోలు కూడా ఇవ్వకుండా ఫైనల్ దాకా వచ్చి, సౌదీ అరేబియాని పెనాల్టీల మీద ఓడించింది. ఆ గోలుకీపరు అలీ అల్ హబ్సీ అప్పటికి ఇంగ్లండులో బోల్టన్ క్లబ్బుకి ఆడేవాడు. 2018లో కువైట్‌లో రెండోసారి కప్పు గెలిచారు, అదీ పెనాల్టీల మీదే. మళ్ళీ 2023లో ఇరాక్ చేతిలో, 2025 జనవరిలో బహ్రెయిన్ చేతిలో ఫైనల్లోనే ఓడారు. ఇలా గెలుపు అంచుకి వచ్చి ఆగిపోవడం బాగా తెలిసిన అభిమానులు ఎలా చూస్తారో ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో కూచుంటే అర్థమవుతుంది. పెనాల్టీ అనగానే కొందరు తెరకి వీపు తిప్పుకుంటారు. హోటలు గదిలో ఈ మొహాలు కనిపించవు.

ఇక్కడ మన హైదరాబాదు జ్ఞాపకం రాక తప్పదు. చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్ అనే పేట ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నించి వచ్చిన అరబ్బుల సంతతి అక్కడివాళ్ళు. సైనికుల బారక్సు అనే మాటే ఆ పేట పేరయింది. దోఫార్‌కి పడమటి సరిహద్దు యెమెన్, ఇంకా అవతలకి వెళితే హద్రమౌత్. ఆ పేటలో ఇప్పటికీ లుంగీ కట్టు, ఫుట్‌బాల్ పిచ్చి రెండూ ఉన్నాయి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నించి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. ఆ కాలపు హైదరాబాదుకి ఎవరైనా పరదేశి వచ్చి, స్థానిక క్రీడాసంస్కృతి కోసం సికింద్రాబాదు క్లబ్బులో తెల్లదొరల మధ్య కూచుని బిలియర్డ్స్ చూసి వెళ్ళాడనుకోండి. ఆయన రాసిన పుస్తకం గురించి మనం ఏమంటాం?

శుక్రవారం పొద్దున్న మైదానం

ఇంతవరకూ చెప్పినదాంతో ఆగితే వ్యాసం సుఖంగా ముగుస్తుంది: బారు పరాయిది, కాఫీ దుకాణం అసలైనది అని. కానీ సలాలాలో అది సగం నిజమే. 2020 జనగణన ప్రకారం ఒమాన్ జనాభా సుమారు 45 లక్షలు, అందులో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు విదేశీయులు. వాళ్ళలో అధికభాగం మన ఉపఖండం వాళ్ళే. ఇరవై ముప్ఫై ఏళ్ళు ఒకే ఊళ్ళో పనిచేసినవాణ్ణి స్థానికుడు అనొచ్చా అనకూడదా? చట్టం కాదంటుంది. మైదానం ఏమంటుందో చూడాలంటే శుక్రవారం పొద్దున్నే లేవాలి.

ఒమాన్‌లో వారాంతపు సెలవులు 2013 మే నించి శుక్ర, శనివారాలకి మారాయి, అంతకుముందు గురు, శుక్రవారాలు. ఏది ఎలా మారినా కూలిపనివాళ్ళకీ దుకాణాల్లో వాళ్ళకీ మిగిలేది శుక్రవారం ఒక్కటే, అదీ మధ్యాహ్నం నమాజు లోపల. అందుకే తెల్లవారుతూనే ఊరిచివర ఖాళీ స్థలాల్లో క్రికెట్ మొదలవుతుంది. గడ్డి ఉండదు, గులకనేల. టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి గట్టిపరుస్తారు. వికెట్లకి బదులు నీళ్ళ డబ్బా. ఒకవైపు పెషావరు మనిషి బౌలింగు చేస్తుంటే ఇటు చిట్టగాంగు మనిషి బ్యాటు పట్టుకుంటాడు, అంపైరు కోజికోడ్ వాడు. "అన్నా, ఏడు దాటితే ఎండ ముదురుతది, అయిదింటికల్లా రా" అని నన్ను పిలిచినాయన జగిత్యాల వైపు మనిషి, తాపీపని. ఆయన మాట్లాడే హిందీలో సగం పాకిస్తానీ పంజాబీ, పావు మలయాళం. ఆ హిందీ ఆయనకి ఊళ్ళో రాలేదు, ఈ గులకనేల మీద వచ్చింది.

ఈ వీధి ఆటే పైకి పెరిగి ఒమాన్ జాతీయ క్రికెట్ జట్టు అయింది. కచ్ నించి వచ్చి ఒమాన్‌లో తరతరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబానికి చెందిన కనక్‌సీ ఖిమ్‌జీ, 2021లో మరణించేదాకా, ఆ దేశపు క్రికెట్‌కి పెద్దదిక్కు. అల్ అమరాత్‌లో పచ్చిక మైదానాలు వచ్చేదాకా సిమెంటు పిచ్‌ల మీదే ఆడారు. ఆటగాళ్ళలో చాలామంది పగలు కంపెనీల్లో ఉద్యోగాలు చేసి సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్ళు. అలాంటి జట్టు 2016 మార్చిలో ధర్మశాలలో ఐర్లండుని రెండు వికెట్ల తేడాతో ఓడించింది. కోవిడ్ వల్ల 2021 టి20 ప్రపంచ కప్ ఇండియా నించి తరలినప్పుడు దాని మొదటి మ్యాచి అల్ అమరాత్‌లోనే జరిగింది. అక్టోబరు 17న ఒమాన్ పాపువా న్యూగినీని పది వికెట్ల తేడాతో గెలిచింది. ఆ ప్రపంచ కప్‌లో ఆడిన ఒమాన్ జట్టులో సందీప్ గౌడ్ ఉన్నాడు, పుట్టింది హైదరాబాదులో. 2025 సెప్టెంబరు 19న అబూధాబిలో ఆసియా కప్‌లో ఇండియాతో ఆడి, 189 పరుగుల లక్ష్యాన్ని అందుకోలేక 21 పరుగుల తేడాతో ఓడిన ఒమాన్ జట్టుకి కెప్టెన్ జతీందర్ సింగ్, లూధియానాలో పుట్టినవాడు.

అంతర్జాతీయ క్రికెట్ నిబంధనల ప్రకారం ఒక దేశానికి ఆడటానికి పౌరసత్వమే ఉండనక్కర్లేదు, మూడేళ్ళ నివాసం చాలు. ఫుట్‌బాల్ నియమాల్లో పౌరసత్వం తప్పనిసరి. ఈ ఒక్క తేడాలో సలాలా మొత్తం ఉంది. కాఫీ దుకాణం తెరమీద ఆడే ఎర్ర జెర్సీ పౌరులది. అదే దేశం పేరుతో క్రికెట్ ఆడే జెర్సీ చాలావరకు వీసామీద ఉన్నవాళ్ళది. దేశానికి ఓపెనింగు బ్యాటింగు చేయొచ్చు, ఉద్యోగం పోతే అక్కడే ఉండిపోవడం మాత్రం కుదరదు. ఊళ్ళో ఈ రెండు ఆటలకీ రెండు వేర్వేరు ప్రేక్షకసమూహాలు, వాళ్ళకి రెండు వేర్వేరు టీ దుకాణాలు. ఒకటి అరబ్బీ వ్యాఖ్యానంతో మోగుతుంది, రెండోది పరాటా కాల్చే పెనం పక్కన ఫోనులోంచి హిందీ వ్యాఖ్యానంతో. ఈ రెండింటికీ పోని మూడో మనిషి కోసం హోటల్లో గది. స్థానిక క్రీడాసంస్కృతి అంటే నా ఉద్దేశంలో ఈ మూడు చోట్లూ, వాటి మధ్య ఉన్న గోడలూ కలిపి.

మన రాతల్లో ఆట

ఇప్పుడు మన సాహిత్యం వైపు తిరుగుతాను, ఎందుకంటే గైడుపుస్తకాల్ని తప్పుపట్టడం తేలిక. తెలుగులో యాత్రారచనకి గొప్ప ఆరంభమే ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో మద్రాసు నించి కాశీ దాకా వెళ్ళివస్తూ దారి పొడుగునా మజిలీలు, రేవులు, ధరలు, జనం, ఆచారాలు పట్టించుకుని రాశాడు. గుడి ఒక్కటే చూసివచ్చిన యాత్రికుడు కాడాయన. ఆ చూపు తరవాతి కాలంలో సన్నబడింది. ఇవాళ మన అసోసియేషన్ల సంచికల్లో వచ్చే విదేశయాత్రా వ్యాసాలు చదివితే, నేను చదివినంతలో, విమానాశ్రయం, మ్యూజియం, జలపాతం, ఇండియన్ రెస్టారెంటు అన్న నాలుగు స్తంభాలమీద నడుస్తాయి. ఆ ఊరివాళ్ళు సాయంత్రం ఏం ఆడతారు, ఎవరు గెలిస్తే సంతోషిస్తారు అన్నది ఎవరూ అడగరు. ఆట మనకి టి.వి.లో ఉండే వస్తువు, సాహిత్యంలో ఉండే వస్తువు కాదు.

గల్ఫు మీద వచ్చిన తెలుగు కథలు, పాటల్లో ఈ లోటు ఇంకా బరువైనది. కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నించి వెళ్ళినవాళ్ళ అప్పులు, ఏజెంట్ల మోసాలు, ఇంటికి చేరని శవాలు, ఎదురుచూసే భార్యలు: ఇవన్నీ నిజాలు, రాయవలసినవి. రాసినవాళ్ళకి నమస్కారం. కానీ కథ తర్వాత కథ చదువుతుంటే ఆ మనిషికి ఏడుపు తప్ప మరో పని లేనట్టు తయారైంది. వారానికి ఆరు రోజులు మనల్ని ఏడిపించిన ఆ తాపీపని మనిషి ఏడోరోజు తెల్లవారుజామున అయిదింటికి లేచి, తనకి బదులు చెప్పాల్సిన అవసరం లేని వాళ్ళతో, తన ఇష్టప్రకారం, మూడు గంటలు ఆడతాడు. ఆ మూడు గంటల్లో అతను ఎవరి కూలీ కాదు, ఎవరికీ జాలి పుట్టించాల్సిన పాత్రా కాదు. ఎల్.బి.డబ్ల్యు. ఇవ్వలేదని అంపైరుతో పోట్లాడే మామూలు మనిషి. బాధితుడిగా మాత్రమే చూడటంలో కూడా ఒకరకమైన చిన్నచూపు ఉంది. గైడుపుస్తకం అతన్ని బీరు పోసే చెయ్యిగా చూసింది, మన కథ అతన్ని కన్నీటిచుక్కగా చూసింది. రెండిటిలోనూ పూర్తి మనిషి లేడు.

దీనికి ఒక మిత్రుడు ఇచ్చిన సమాధానం న్యాయమైనదే: కష్టం ఉన్నచోట ఆట గురించి రాస్తే కష్టాన్ని తేలికచేసినట్టు కాదా? రాసే తీరుని బట్టి కావచ్చు. శుక్రవారం ఆటని సంక్షేమానికి సాక్ష్యంగా చూపిస్తే అది అబద్ధమే అవుతుంది. ఆ ఆట ఎవరికి అందుతుందో కూడా రాయాలి. సలాలాలో నేను చెప్పిన మూడు చోట్లూ దాదాపుగా మగవాళ్ళవి. కడప, గోదావరి జిల్లాల నించి ఇళ్ళలో పనికి గల్ఫుకి వెళ్ళిన ఆడవాళ్ళలో వారానికొక సెలవు కూడా లేనివాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకి శుక్రవారం అంటే యజమాని ఇంటికి చుట్టాలొచ్చే రోజు, వంట రెట్టింపయ్యే రోజు. మైదానం గురించి రాసే కథకుడు ఆ వంటింటి కిటికీని వదిలేస్తే, బారు జాబితా చేసిన పనే అతనూ చేసినట్టు. ఆటని పట్టించుకున్న కథకుడికే ఆట అందని మనిషి కూడా కనిపిస్తుందని నేననుకుంటాను. సెలవు ఎవరికుంది, ఎన్ని గంటలు, ఎక్కడ గడుపుతారు అన్న మూడు ప్రశ్నలు జీతం ఎంత అన్న ప్రశ్నకన్నా ఎక్కువ చెబుతాయి.

సలాలా వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు పెరుగుతున్నారు, ముఖ్యంగా ఖరీఫ్ కాలంలో. కొండలమీది పొగమంచు, సాంబ్రాణి చెట్లు, అల్ బలీద్ శిథిలాలు అన్నీ చూడవలసినవే. ఆటమీద ఇష్టం ఉన్నవాళ్ళకి నా సలహా ఇది. హోటలు గదిలో మ్యాచి చూడాలనిపిస్తే చూడండి, అందులో తప్పేం లేదు. ఒక సాయంత్రం మాత్రం దోఫార్ క్లబ్‌కీ అన్-నస్ర్‌కీ మ్యాచి ఉందేమో కనుక్కుని, మ్యాచి ఉన్నా లేకపోయినా ఏదో ఒక కాఫీ దుకాణం ముందు కుర్చీలో కూచుని, పక్కాయన్ని మీది ఏ జట్టు అని అడగండి. శుక్రవారం అలారం పెట్టుకోండి. ఊరిచివరికి వెళ్ళి, బౌండరీ దగ్గర ఊరికే నిలబడితే ఎవరో ఒకరు ఒక మనిషి తక్కువయ్యాడని పిలుస్తారు. తిరిగొచ్చి వ్యాసం రాసేటప్పుడు జలపాతానికి ఇచ్చిన రెండు పేరాల్లో ఒకటి ఆ మ్యాచికి ఇవ్వండి. స్కోరుతో సహా.